కోతల్లో కుటుంబ ప్రార్థన నిలబడేదెలా?

ప్రశ్న (నరసాపురం వైపు నుంచి):
అందరికీ వందనాలండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలైతే ఇంట్లో ప్రార్థన ఆగిపోతోంది. రాత్రి కూర్చుంటే పిల్లలకు కునికిపాట్లు. ఆదివారం గుడికి (చర్చికి) వెళ్ళడం తప్ప వారంలో ఇంకేం చెయ్యొచ్చు?

జవాబు 1:
రాత్రి వద్దు బ్రదర్, చేలోకి దిగే ముందు పది నిమిషాలు చాలు. పాట ఒక్క చరణం, బైబిల్లోని సామెతల గ్రంథంలో ఆ తేదీ అధ్యాయం. 31 ఉన్నాయి, నెలకు సరిపోతాయి. పిల్లల చేతే చదివించండి. ప్రార్థనను పెద్దవాళ్ళు సాగదీస్తేనే వాళ్ళకు విసుగు. 119వ కీర్తన 176 వచనాలు ఒక్కపూటే పెట్టుకోకండి, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగానే ఉంది.

జవాబు 2:
పిడికిలి బియ్యం మొదలుపెట్టండి. ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచే గుప్పెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. బస్తాలోంచి తర్వాత తీద్దామంటే మర్చిపోతాం. గుప్పెడు కూడా ఇంటివాళ్ళ వంతులోంచి తగ్గాలి, అప్పుడే అది అర్పణ. డబ్బా తడి లేకుండా తుడిచి, మూత బిగించి, ప్రతి ఆదివారం గుడిలో ఇచ్చెయ్యండి. నెలల తరబడి ఉంచితే ముక్కపురుగు పడుతుంది. పురుగు బియ్యం దేవుడి పేరున పేదవాళ్ళకు ఇవ్వడం తప్పు.

జవాబు 3:
కోతలన్నారు కాబట్టి అసలు సంగతి కూలి. ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గుంకకముందే. మిల్లు డబ్బులు వచ్చాక ఇద్దామనుకోవడం దగ్గరే మనవాళ్ళు తప్పుతున్నారు. కోతకు ముందే ఆ డబ్బు విడిగా తీసి పెట్టుకోండి. 19వ వచనం కూడా చూడండి: చేలో మరిచిన పన (కోసిన పైరు కట్ట) కోసం వెనక్కి వెళ్ళకూడదు. మిషన్ కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకునేవాళ్ళను అదిలించకండి.