వాడుకలో ఉన్న పాత ఫీచర్లను ప్రోగ్రామింగ్ భాషలోంచి తీసెయ్యడం న్యాయమేనా?

గుణుపురం నుంచి:
మా ఊరి రైసుమిల్లులో కాటా చీటీల ప్రోగ్రాం 2016లో నేనే పైథాన్ భాషలో రాశాను. బండి నంబరు, రైతు పేరు, లోడు బరువు, ఖాళీ బరువు కొడితే చీటీ వస్తుంది, అంతే. మొన్న కోతలప్పుడు పాత కంప్యూటరు పోయింది. కొత్తదాంట్లో పైథాన్ 3.13 వేసి, అదే ఫైలు ఎక్కించాను. ‘సీజీఐ అనే మాడ్యూలు లేదు’ అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. మాడ్యూలంటే భాషతోపాటే వచ్చే రెడీమేడ్ కోడ్; వెబ్ ఫారంలో కొట్టిన విలువలను ప్రోగ్రాంకి అందించేది ఈ సీజీఐ. బయట పదకొండు ట్రాక్టర్లు. సాయంత్రం దాకా చీటీలు చేత్తో రాశాం, రెండు బరువులు తారుమారై ఒక రైతుతో గొడవ కూడా అయింది. నేను ఒక్క అక్షరం మార్చలేదే! నడుస్తున్నదాన్ని తీసేసే హక్కు భాష చేసినవాళ్లకు ఉండకూడదని నా వాదన.

బరంపురం నుంచి:
అన్నా, మీ ఇబ్బంది నిజమే గానీ, చెప్పకుండా తియ్యలేదు. ఇలాంటి పాత మాడ్యూళ్లను తియ్యాలన్న పెప్ 594 (పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన) 2019 నాటిది. 2022 అక్టోబరులో వచ్చిన 3.11 నుంచి హెచ్చరిక మొదలైంది. 2024 అక్టోబరులో 3.13 వచ్చినప్పుడు తీశారు. సీజీఐతో కలిపి మొత్తం 19 మాడ్యూళ్లు. చాలావాటికి చూసుకునే నాథుడు లేడు.
తియ్యకపోతే ఏమవుతుందో వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో చూశాం. రిజిస్టర్ గ్లోబల్స్ అనే సెట్టింగు ఉండేది. వెబ్ అడ్రసు చివర ఎవరైనా ‘అడ్మిన్=1’ అని కొడితే అది నేరుగా ప్రోగ్రాంలో వేరియబుల్ అయి కూర్చునేది, అంటే లోపలి విలువలను బయటివాళ్లు పెట్టెయ్యొచ్చు. 2002లో దాన్ని డిఫాల్టుగా ఆపేశారు, అయినా ఆన్ చేసుకుని వాడినవాళ్లు వాడుతూనే ఉన్నారు. 2012లో పీహెచ్‌పీ 5.4తో పూర్తిగా పీకేశాకే పీడ వదిలింది.

పర్లాకిమిడి నుంచి:
మా ఇంట్లో తాతగారి భూమి దస్తావేజు తెలుగులో ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది. 1936లో మా ఊరు ఒడిశాలోకి వచ్చింది. ఆ తర్వాత రాసిన కాగితాలు ఒడియాలో ఉన్నాయి. అంతమాత్రాన తాతగారి కాగితం చెల్లదని ఎవరూ అనలేదు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష చేసింది అదే. 2015, 2018, 2021, 2024 అని ఎడిషన్లు పెట్టింది. 2015 పద్ధతిలో రాసిన కోడ్‌ని ఇవాళ్టి కంపైలర్ (కోడ్‌ని కంప్యూటరు నడిపే రూపంలోకి మార్చేది) కూడా చదువుతుంది. కొత్త రాత కావాలనుకున్నవాళ్లే ఎడిషన్ మార్చుకుంటారు. పైథాన్‌కి ఆ పాటి ఓపిక ఎందుకు ఉండకూడదు?

బరంపురం నుంచి:
మేష్టారూ, ఎడిషన్ అనేది భాష రాతకి. సీజీఐ భాషతోపాటు ఇచ్చే మాడ్యూళ్ల లైబ్రరీలోది. లోపం బయటపడితే ఎవరో ఒకరు కూర్చుని బాగుచెయ్యాలి. జీతం లేకుండా ఆ పని చేసేవాళ్లను మనం అడగలేం కదా.
గుణుపురం అన్నా, తీసేసిన ఆ సీజీఐనే లెగసీ-సీజీఐ పేరుతో పిప్‌లో (పైథాన్‌కి అదనపు మాడ్యూళ్లు దించుకునే సాధనం) దొరుకుతుంది. వేసి చూడండి, మీ ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

గుణుపురం నుంచి:
వేశాను తమ్ముడూ, నడిచింది. రాత్రి తీరిగ్గా చూస్తే నేను సీజీఐ వాడింది ఫారంలోంచి నాలుగు విలువలు తీసుకోడానికే. పైథాన్‌లో ఇంకా ఉన్న యూఆర్ఎల్‌లిబ్ అనే మాడ్యూల్లోని పార్స్_క్యూఎస్‌తో మూడు లైన్లలో అయిపోయింది. ‘ఎవరికీ హక్కు లేదు’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.
కానీ ఒకటి మాత్రం వదలను. హెచ్చరిక ఇచ్చాం అంటున్నారు, ఎవరికి? నా పాత కంప్యూటర్లో ఉన్నది 3.5. అక్కణ్నుంచి నేరుగా 3.13కి వచ్చాను, మధ్యలో హెచ్చరించిన వెర్షన్లు నా గుమ్మం తొక్కలేదు. 3.11 వేసుకున్నా ఆ హెచ్చరిక సర్వర్ లాగ్‌లో, అంటే జరిగినవి నమోదయ్యే ఫైల్లో పడేది. మిల్లులో లాగ్ తెరిచేదెవరు? మాబోటి వాళ్లం కంప్యూటరు చెడితే తప్ప వెర్షన్ మార్చం. అందుకే తీసేసిన మాడ్యూలు పేరు ఇంకో పదేళ్లు గుర్తుంచుకుని, ‘లేదు’ అనే చోట ‘3.13లో తీసేశాం, లెగసీ-సీజీఐ వేసుకోండి’ అని ఒక్క వాక్యం కలపమంటున్నాను. దానికి మాడ్యూలు బాగుచేసే పనేం లేదు. ఆ వాక్యం ఆ రోజు తెరమీద ఉంటే, మూడో ట్రాక్టరు కాటా ఎక్కేలోపే చీటీలు వచ్చేవి.