పెంచినవాళ్లుండగా కన్నతల్లిని వెతకడం తప్పా?

విశాఖ సీతమ్మధార నుంచి ఒకరు: డెన్మార్క్‌లో పెరిగిన ఒకమ్మాయి మా మేడ మీద నెల రోజులకి అద్దెకు దిగింది. రెండేళ్ల వయసులో వైజాగ్ నుంచి దత్తత వెళ్లిందట, ఇప్పుడు కన్నతల్లి కోసం వచ్చింది. అంత బాగా పెంచినవాళ్లుండగా ఇదేం పని, వాళ్ల మనసు కష్టపడదా అంటారు మా నాన్నగారు. నాకూ అలాగే అనిపిస్తోంది. మీరేమంటారు?

ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు: పెంచిన యశోదే అమ్మ. పైగా ఆ కన్నతల్లికి ఇప్పుడు మొగుడూ పిల్లలూ ఉండి, వాళ్లకి ఈ సంగతి తెలియకపోతే? పొద్దున్నే ఈ అమ్మాయి గుమ్మంలో నిలబడితే ఆవిడ కాపురం ఏం కావాలి?

భీమిలి నుంచి ఒకరు: కృష్ణుడు కంసుణ్ణి చంపాక వెళ్లి దేవకీ వసుదేవుల్ని చెర విడిపించాడు కదండీ, దానివల్ల యశోద తక్కువైందని ఎవరైనా అన్నారా?

ఇలా వచ్చిన ఇద్దరి వెంట నేను మాట సాయానికి తిరిగాను. ఒకతను నార్వేలో పెరిగాడు. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర ఆగితే బండావిడ కారం ఎక్కువ వెయ్యాలా అని అడిగింది, అతనికి అర్థంకాక నవ్వాడు. తెలుగువాడిలా ఉన్నావు, మాట్లాడవేం బాబూ అంది. నేను విషయం చెప్పాను. ఆవిడ నిమ్మచెక్క రుద్దడం ఆపి, అతని మొహంలోకి చాలాసేపు చూసి, "ఈ బాబుది మా సిక్కోలు మొకమే" అంది. ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే అతను అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు స్కూల్లో తన పోలిక ఉన్నవాళ్లే లేరట, డాక్టరు మీ ఇంట్లో షుగరుందా, గుండెజబ్బుందా అంటే ఇప్పటికీ తెలియదనే చెబుతాడట. పెంచిన అమ్మానాన్నలంటే ప్రాణం, రోజూ ఫోన్ చేసేవాడు, దత్తత కాగితాలు ఇన్నేళ్లూ దాచి చేతికిచ్చి పంపింది వాళ్లే.

కాపురం గురించి మీ భయం నిజమే. అందుకే 2022 దత్తత నిబంధనల ప్రకారం మూలాల వెతుకులాట దత్తత సంస్థలూ, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ద్వారానే జరగాలి, దత్తత వెళ్లినవాళ్ల బదులు మూడో మనిషి వెతకడానికి వీల్లేదు, 18 ఏళ్లు నిండకపోతే పెంచినవాళ్లతో కలిసి అడగాలి. బిడ్డను అప్పగించేటప్పుడు తన వివరాలు బయటపెట్టొద్దని తల్లి కోరి ఉంటే, ముందు ఆవిడ ఒప్పుకోవాలి. నేరుగా గుమ్మంలోకి వెళ్లడం ఉండదు.

ఎంవీపీ: దేవకి మాట ఒప్పుకున్నాను. మరి ఆవిడ వద్దంటే? అంత దూరం వచ్చిన పిల్ల ఏమైపోవాలి?

భీమిలి: వద్దంటే వద్దే. నాతో వచ్చిన రెండో ఆవిడకి అదే జరిగింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది, నాకేం చెప్పాలో తోచలేదు. తర్వాత మొహం కడుక్కుని, వద్దని కబురు పంపిందంటే బతికే ఉందన్నమాట కదా అంది. మర్నాడు నన్ను తోడు తీసుకుని సింహాచలం మెట్లెక్కి, వాళ్లమ్మ పేరు తెలియదు కాబట్టి "మా అమ్మ" అనే చెప్పి పూజారిగారితో అర్చన చేయించింది.