పేటకో శాఖా, ఊరికో పెద్ద లైబ్రరీనా? ఏటా వచ్చే డబ్బు పెరగనప్పుడు ఎటు మొగ్గాలి?

కొత్తసభ్యుడు:
గ్రంథాలయ కమిటీ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఊరి నడిబొడ్డున ఉన్న కేంద్ర గ్రంథాలయాన్ని తీసేసి చాలా పెద్దది కట్టడం ఒకటి. అదే డబ్బుతో ఎనిమిది పేటల్లో చిన్న శాఖలు తెరవడం ఇంకోటి. కట్టడానికి నిధి ఒకేసారి వస్తుంది. జీతాలకీ పుస్తకాలకీ ఏటా వచ్చేది మాత్రం పెరగదు, 20 మందికి మించి పెట్టుకోలేం. వాడకంలో కేంద్రమే ముందుంది కాబట్టి పెద్దదే కట్టాలని సగంమంది పట్టు. ఏ లెక్క వేసి తేల్చాలండీ?

బీరువాతాళం:
భవనం సంగతి పక్కన పెట్టి ముందు సిబ్బంది గంటలు లెక్కెయ్యండి. వారానికి 40 గంటల ఉద్యోగి నుంచి సెలవులు, శిక్షణ, తెర వెనక పని తీసేస్తే పాఠకుల ముందు ఉండేది 32 గంటలే అనుకోండి. శాఖ వారానికి 48 గంటలు తెరిచి ఉండాలంటే, ఒక్కరినే వదలకూడదు కాబట్టి ఇద్దరు చొప్పున 96 గంటలు. ఆరు రోజులూ తెరవడానికి ముందు అరగంట, మూశాక అరగంట కలిపితే 108. అంటే శాఖకి దాదాపు ముగ్గురున్నర మంది. ఎనిమిది శాఖలకి 27 మంది కావాలి, మీ దగ్గర 20 మందే ఉన్నారు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. శాఖ మూస్తే గొడవ అవుతుందని ఎనిమిదీ ఉంచి, వేళలు 34 గంటలకి కోసేస్తారు. ఏ పూట తెరిచి ఉంటుందో గుర్తుండక పాఠకుడు రావడం మానేస్తాడు, 'వాడకం తగ్గింది' అని మరుసటేడు ఇంకొంత కోస్తారు. దానికంటే ఐదు శాఖలు నిండుగా 48 గంటలు నడపండి. వాటికి 17 మంది పోగా మిగిలిన ముగ్గురు కొనుగోళ్లు, కేటలాగు (పుస్తకాల జాబితా), శాఖల మధ్య పుస్తకాలు తిప్పే వ్యాను చూసుకుంటారు.

పెద్ద భవనానికి కూడా ఇదే జబ్బు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 2013లో దాదాపు 18.9 కోట్ల పౌండ్లతో కొత్త లైబ్రరీ తెరిచారు. రెండేళ్లు తిరక్కుండానే నిర్వహణకి డబ్బు చాలక వేళల్ని వారానికి 73 గంటల నుంచి 40కి తగ్గించారు. అమెరికాలోని సియాటిల్‌ది ఇంకో రకం. 1998లో 19.64 కోట్ల డాలర్ల బాండుకి (నగరం తెచ్చే అప్పుకి) ఓటర్లు ఒప్పుకుంటే, కేంద్రాన్నీ శాఖల్నీ ఒకే పథకంలో కట్టారు. కట్టడం బాగానే జరిగింది. కానీ 2009 నుంచి కొన్నేళ్లు ఏటా ఒక వారం మొత్తం వ్యవస్థకే తాళం వేశారు. 2012లో నిర్వహణ కోసం విడిగా పన్ను వేసుకున్నాకే ఊపిరాడింది.

ఈ సంగతి ఊరూరా లైబ్రరీలకి డబ్బిచ్చిన అమెరికా ఉక్కు వ్యాపారి కార్నెగీకి వందేళ్ల కిందటే తెలుసు. భవనానికి ఆయన ఎంతిస్తే అందులో పదో వంతు ఏటా నిర్వహణకి ఇస్తామని ఊరు మాటివ్వాల్సి వచ్చేది. 1901లో న్యూయార్క్ శాఖల కోసం 52 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు కూడా స్థలమూ నిర్వహణా నగరమే చూసుకోవాలన్నది ఒప్పందం. మీ కమిటీ కూడా ఆ పదో వంతు లెక్క ఒకసారి వేసి చూస్తే మంచిది.

పాతపత్రికలు:
శాఖల మీద మోజుతో కేంద్రాన్ని గోదాము చేసెయ్యకండి. పాత దినపత్రికలు, పటాలు, అరుదైన పుస్తకాలు ఉన్న గదిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. రాత్రింబగళ్లు తేమనీ వేడినీ అదుపులో ఉంచే గది ఒక్కటే కట్టగలరు గానీ ఎనిమిది కట్టలేరు. నిశ్శబ్దంగా చదువుకునే హాలు కూడా చిన్న శాఖలో కుదరదు, పక్కనే పిల్లల మూల ఉంటుంది.

ఇంకొకటి, 'వాడకంలో కేంద్రమే ముందు' అన్న అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. శాఖ పాఠకుడు అడిగిన పుస్తకాన్ని కేంద్రం పంపితే, చాలాచోట్ల ఆ అరువు కేంద్రం ఖాతాలోనే పడుతుంది. పుస్తకం ఎక్కడ చేతికందిందో అక్కడ రాయాలి. గుమ్మం దగ్గర కౌంటరు లోపలికీ బయటికీ రెండుసార్లు లెక్కపెడుతుందేమో కూడా అడగండి, అలాగైతే సగం చెయ్యాలి. ఇది చెయ్యకుండా నివేదికలు అచ్చేసే కమిటీలకి కొదవలేదు.

వ్యాన్‌రూటు:
శాఖల్ని నిలబెట్టేది గానీ ముంచేది గానీ రవాణా. పది వేల పుస్తకాల శాఖ ఒంటరిగా ఉంటే ఆరు నెలల్లో పాఠకుడికి విసుగొస్తుంది. ఒకే కేటలాగు కింద అన్నిటినీ కలిపి, ఎక్కడిదైనా తన శాఖకే తెప్పించుకునే వీలుంటే అదే శాఖ పెద్దదవుతుంది. అయితే పుస్తకం ఒక శాఖ నుంచి కేంద్రానికి, అక్కణ్నుంచి ఇంకో శాఖకి రెండు మజిలీలు దాటాలి. వ్యాను వారానికి ఒక్కసారే తిరిగితే రెండు వారాలు పట్టొచ్చు. మూడుసార్లు తిరిగితే వారం లోపే చేరుతుంది.

తిరిగి ఇచ్చిన చోటే పుస్తకాన్ని ఉంచేసే పద్ధతి వల్ల వ్యాను బరువు తగ్గుతుంది. కాకపోతే జనం ఎక్కువ వచ్చే ఒకటి రెండు శాఖల్లో కొత్త నవలలన్నీ పోగుపడి, మిగతా చోట అరలు బోసిపోతాయి. ఒకే పుస్తకం ఒక శాఖలో రెండు ప్రతులకి మించకూడదని సాఫ్ట్‌వేర్‌లో హద్దు పెట్టి, నెలకోసారి మిగులుని సర్దెయ్యాలి. నిఘంటువులు, స్థానిక చరిత్ర ఈ పద్ధతిలో కలపొద్దు.

ప్రతుల సంగతి కూడా చూడండి. మూడు వారాల గడువు, ప్రయాణంతో కలిపి ఒక్కో చేతిలో 25 రోజులు. ఒక ప్రతి మీద వరుసలో ఐదుగురుంటే ఐదోవారికి వంద రోజులకి దక్కుతుంది. ఆరో పేరు పడగానే ఇంకో ప్రతి కొనేయండి.

కొత్తసభ్యుడు:
శాఖల కోసం కట్టకుండా పాత ఇళ్లలో పై అంతస్తులు అద్దెకి తీసుకుందామని ఒకరన్నారు. పది వేల పుస్తకాలకి చోటెంత కావాలి?

బీరువాతాళం:
పై అంతస్తు వద్దండి. అమెరికా ప్రమాణాల్లో ఇళ్ల నేల చదరపు మీటరుకి సుమారు 195 కిలోలు మోసేలా కడతారు, పుస్తకాల అరల గదికి మాత్రం 730 కావాలంటారు. పట్టాల మీద జరిపి, మధ్య నడవ లేకుండా దగ్గరగా చేర్చే బీరువాలైతే ఇంకా చాలా ఎక్కువ. నేల కుంగినట్టు ముందు కనపడదు, తలుపులు పట్టెయ్యడంతో మొదలవుతుంది. మెట్లెక్కలేని పెద్దవాళ్లు, తోపుడుబళ్లలో పిల్లలున్న తల్లులు ఎలాగూ రారు.

చోటు లెక్క ఇలా: 90 సెంటీమీటర్ల అరలో 30 పుస్తకాలు పడతాయి గానీ పావు వంతు ఖాళీ వదిలి 23 పెట్టండి. అంటే 435 అరలు, ఒకదాని మీద ఒకటి ఐదేసి అరల చొప్పున 87 నిలువు వరసలు. రెండు వైపులా ఉండే ర్యాకులైతే 44. మధ్య నడవ 1.2 మీటర్లు వదిలితే ఒక్కోదానికి 1.5 చదరపు మీటర్లు, మొత్తం 66. కుర్చీలు, కౌంటరు, పిల్లల మూల దీనికి అదనం. చక్రాల కుర్చీ తిరిగే చోట 1.5 మీటర్ల ఖాళీ వదలడం మర్చిపోకండి, గీసిన ప్లానుల్లో మొదట ఎగిరిపోయేది అదే.