శిక్షణ బండ్లను వేలంలో కొనేటప్పుడు మీటరును నమ్మవచ్చా?

కొత్త చక్రం (ప్రశ్న):

మోటార్ సైకిల్ నేర్పే ఒక ప్రభుత్వ కేంద్రం తన పాత బండ్లను వేలానికి పెట్టింది. మొత్తం తొమ్మిది. అన్నీ హోండా రెబెల్ 250లే, ఒక్కొక్కటి విడి లాటు. మీటర్లలో 1,300 నుంచి 1,900 కిలోమీటర్ల దాకా కనిపిస్తోంది. ఫొటోల్లో చూస్తే అన్నింటికీ హ్యాండిల్ చివరలు, ఫుట్‌రెస్టుల అంచులు గీసుకుపోయాయి. నేను నేర్చుకున్నదీ ఇలాంటి బండి మీదే, దాన్ని రెండుసార్లు పడేసినవాణ్ణే. కాబట్టి ఆ గీతలను చూసి బెదరడం లేదు. వివరణలో మాత్రం ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఇంత తక్కువ తిరిగిన బండి దొరకడం అదృష్టం అనుకోవాలా, ఏదైనా మెలిక ఉందా?

రెండో గేరు:

ఎనిమిదేళ్లు ఇలాంటి బండ్ల మీదే నేర్పాను, ఇప్పుడు బాగుచేస్తున్నాను. మీరు చూడవలసింది కిలోమీటర్లు కాదు, గంటలు. మైదానంలో బండి నిలబడి ఉన్న సమయమే ఎక్కువ, కదిలితే మొదటి గేరు, మహా అయితే రెండో గేరు. సగటు వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్లు అనుకుంటే 1,600 కిలోమీటర్ల బండి 200 గంటలు నడిచినట్టు. రోడ్డు మీద నలభై వేగంతో అన్ని గంటలు నడిస్తే 8,000 కిలోమీటర్లు తిరిగేది. పైగా రెబెల్ ఇంజిన్ గాలితో చల్లబడే రకం. ఎండలో వరుసగా నిలబెట్టి, ‘క్లచ్ మెల్లగా వదలండి’ అని నేను అరుస్తున్నంతసేపూ దానికి తగిలే గాలి ఏదీ? అయినా ఆ ఇంజిన్‌కు ఓపిక ఎక్కువ. 234 సీసీ, రెండు సిలిండర్లు, 1985లో వచ్చింది మొదలు చివరిదాకా పెద్దగా మారలేదు. ఆయిల్ మారుస్తూ వచ్చి ఉంటే దాని గురించి నాకు దిగులు లేదు.

నా దిగులంతా క్లచ్ గురించే. మొదటి రోజు పాఠమే క్లచ్‌ను సగం పట్టి, సగం వదిలి బండిని పాకించడం. ఒక్కొక్కరు పదిసార్లు చేస్తారు, రోజుకు ఎందరో చేస్తారు. బండి దగ్గరికి వెళ్లనిస్తే ముందు క్లచ్ లీవరు పట్టుకుని చూడండి. బిగుసుకునే ముందు చివర ఒకటి, రెండు సెంటీమీటర్లు వదులుగా ఆడాలి. కేబుల్ సర్దే మరను పూర్తిగా లోపలికి తిప్పేసినా ఆ ఆట లేదంటే క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయన్నమాట. తరువాత అయిదో గేరులో పెట్టి, లీవరు వదిలేసి, బండిని గట్టిగా ముందుకు తోయండి. ఇంజిన్ అడ్డుపడాలి. అడ్డుపడకుండా క్లచ్ జారి బండి తేలిగ్గా ముందుకు పోతే ఆ లాటును వదిలేయండి, లేదా ప్లేట్లు, స్ప్రింగుల ఖర్చు తీసేసి పాట పాడండి.

పడిపోవడం గురించి ఒక మాట. నిలబడి ఉన్న బండి పక్కకు ఒరిగితే లీవరు విరుగుతుంది, ఇండికేటర్ పగులుతుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు బిగింపుల్లో కాస్త మెలితిరుగుతుంది. చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ వంకరగా కనిపిస్తే బెదరకండి. బిగింపులు వదులు చేసి సరిచేస్తే చాలాసార్లు అరగంట పని. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, మెడ దగ్గర హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపడానికి ఫ్రేముకు ఉన్న అడ్డుముక్క చూడండి. అది విరిగినా, అక్కడ పెయింటు చిట్లి పగులు కనిపించినా వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఇంకొకటి. ట్యాంకుల మీద అంకెలు రాసి ఉంటాయి. మా దగ్గర ఒకటో నంబరు బండి మీద మేమే చేసి చూపించేవాళ్లం. విద్యార్థుల చేతికి తక్కువ వెళ్లేది. ఏడో నంబరు మాత్రం న్యూట్రల్ దొరకక అందరినీ ఏడిపించేది, చివరికి దాని అద్దాలూ లీవర్లూ మిగతావాటికి పంచిపెట్టాం. రంగు కలవని మూత, లేని అద్దం కనిపించాయంటే మీరు చూస్తున్నది అలాంటి ఏడో నంబరే కావచ్చు.

పాత పాటగాడు:

పై మాటలన్నీ సరైనవే కానీ నేను వాటికంటే ముందే దెబ్బతిన్నాను. రెండేళ్ల క్రితం ఒక వేలంలో ఇలాంటిదే కొన్నాను, బటన్ నొక్కగానే ఇంజిన్ లేచింది. ఇంటికి తెచ్చాక కాగితం చదివితే ‘విడిభాగాల కోసం మాత్రమే’ అని ఉంది. నమోదు కాదన్నారు. శిక్షణకు ఇచ్చిన బండ్లలో కొన్ని రోడ్డెక్కకూడదన్న షరతుతో వస్తాయట, నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడది మా షెడ్డులో ఉంది, ఆదివారం ఆదివారం స్టార్టు చేసి ఆపేస్తాను, మా ఆవిడ చూసి నవ్వుతుంది. పాటకు ముందే యాజమాన్య పత్రం ఇస్తారా, ఒట్టి రసీదేనా అని రాతపూర్వకంగా అడగండి. హెచ్చుపాట మీద కొనుగోలుదారు రుసుము శాతం ఎంతో, బండి ఎన్ని రోజుల్లో తీసుకెళ్లాలో, తాళంచెవి ఉందో లేదో కూడా. నాకు తాళంచెవి కూడా ఇవ్వలేదు.

కొత్త చక్రం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈరోజు చూడటానికి వెళ్లి వచ్చాను. ఆరు బండ్లకు యాజమాన్య పత్రం ఇస్తారట, మూడు బండ్లకు రసీదే. ఆ ఆరింటిలో రెండు అయిదో గేరు పరీక్షలో జారిపోయాయి. ఒకటో నంబరుకు రసీదే, ఆశ పెట్టుకున్నందుకు! నాలుగో నంబరు నచ్చింది. లీవరులో ఆట సరిపోయినంత ఉంది, అడ్డుముక్క చెక్కుచెదరలేదు. ట్యాంకు మూత తీస్తే మాత్రం వార్నిష్ వాసన గుప్పుమంది. టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి, పక్కన 2311 అని ఉంది.

రెండో గేరు:

అది 2011లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరు మీద వానలో బ్రేకు వేయవద్దు, రెండు టైర్ల ధర ఇప్పుడే లెక్కలో వేసుకోండి. ఆ వాసన పాత పెట్రోలుది. ట్యాంకులోకి టార్చి వేసి తుప్పు చూడండి. తుప్పు లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ విప్పి, పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల జెట్లు శుభ్రం చేస్తే సరి. రెబెల్ 250కి ఒక్కటే కార్బురేటర్, ఒక మధ్యాహ్నం పని. పాట ఎప్పుడు ముగుస్తుంది?

కొత్త చక్రం:

రేపు ఉదయం పదకొండింటికి. చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు పొడిగిస్తారట. టైర్లు, బ్యాటరీ, రుసుము తీసేసి నా గరిష్ఠ మొత్తం కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

పాత పాటగాడు:

ఆ కాగితం మీ ఆవిడ చేతికివ్వండి.