అప్‌డేట్: మా అక్క కొడుక్కి ఆ నవల ఇచ్చాను

ఇంట్లో రోజూ గొడవలు చూస్తున్న మా అక్క కొడుక్కి ‘ది అవుట్‌సైడర్స్’ ఇవ్వొచ్చా అని పోయిన నెల అడిగాను. వాడికి పద్నాలుగేళ్లు. కథలో కత్తిపోట్లు, చావులు ఉన్నాయని నా టెన్షన్. ముందు మీరు చదవండి అన్నారు చాలామంది. చదివాకే ఇచ్చాను.

మొదటి వారం ముట్టుకోలేదు. రచయిత్రి ఎస్.ఇ. హింటన్ దీన్ని 15 ఏళ్లకే రాయడం మొదలుపెట్టిందనీ, 1967లో అచ్చయ్యేసరికి ఆమెకు 18 ఏళ్లేననీ చెప్పాక తీశాడు.

నా భయమంతా కథలోని జానీ అనే కుర్రాడి గురించి. వాణ్ణి తండ్రి కొడతాడు, తల్లి పట్టించుకోదు. కానీ మావాడి మనసు డారీ దగ్గర ఆగింది. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, 20 ఏళ్ల వయసులో కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్ల కప్పుల పనికి వెళ్తూ ఇద్దరు తమ్ముళ్లను సాకుతున్న అన్న అతను. ఆలస్యంగా వచ్చాడని ఓ రాత్రి చిన్న తమ్ముడు పోనీబాయ్‌ని చెంపమీద కొడతాడు. వాడు ఇంట్లోంచి పారిపోతాడు.

“ప్రేమ లేక కాదు పిన్నీ, భయంతో కొట్టాడు” అన్నాడు మావాడు. తమ్ముళ్లను పిల్లల హోమ్‌కి పంపేస్తారేమోనన్న ఆ భయం నాకు అంతగా తట్టలేదు.

ఆ రాత్రే తన ఇంటి సంగతి మొదటిసారి చెప్పాడు. అదంతా ఇక్కడ రాయను. అక్కతో మాట్లాడాను, శుక్రవారం ఇద్దరం స్కూల్ కౌన్సిలర్‌ని కలుస్తున్నాం. బావ ఇంకా ఒప్పుకోలేదు.