నాలుగు వర్కర్లతో ప్లేరైట్ టెస్టులు నడిపితే మధ్యలో లాగిన్ పోతోంది

జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన ఒక వెబ్ అప్లికేషన్‌కు బ్రౌజర్‌ను నడిపి పరీక్షించే ప్లేరైట్‌తో 64 ఆటోమేటెడ్ టెస్టులు సిద్ధం చేశాను. సెటప్ దశలో ఒకే ఖాతాతో ఒకసారి లాగిన్ అయి, ఆ కుకీలను స్టోరేజ్‌స్టేట్ ఫైలులో భద్రపరచి, అన్ని టెస్టులకూ అదే ఫైలును ఇస్తున్నాను. ఒక్కొక్క టెస్టు ఫైలుగా నడిపితే ఏ టెస్టూ విఫలం కాదు. నాలుగు వర్కర్లతో (టెస్టులను సమాంతరంగా నడిపే ప్రాసెస్‌లు) అన్నీ కలిపి నడిపినప్పుడు మాత్రం ప్రతిసారీ ఐదారు టెస్టులు, అవీ ప్రతిసారీ వేర్వేరువి, 302 (దారిమళ్లింపు కోడ్) తో లాగిన్ పేజీకి మళ్లి, అక్కడే వేచి ఉండి ఆగిపోతున్నాయి.

గడువును 30 సెకన్ల నుంచి 60కి పెంచినా ఫలితం లేదు. రీట్రైలు (విఫలమైన టెస్టును మళ్లీ నడపడం) 2 పెడితే పైకి అంతా పచ్చగా కనిపిస్తుంది గాని, అది లోపాన్ని కప్పిపుచ్చడమే. వర్కర్ల సంఖ్యను 1కి తగ్గిస్తే అన్నీ నెగ్గుతాయి, కానీ 7 నిమిషాల పని 22 నిమిషాలకు చేరుతుంది. ట్రేస్‌లు (టెస్టు నడిచిన తీరు రికార్డులు) పరిశీలించగా, లాగౌట్ బటన్‌ను పరీక్షించే టెస్టు ముగిసిన వెంటనే ఈ వైఫల్యాలు మొదలవుతున్నట్లు కనిపించింది. అది సర్వర్‌లోని ఉమ్మడి సెషన్‌నే (లాగిన్ రికార్డునే) తొలగిస్తోందని నా అనుమానం.

ప్రతి వర్కర్‌కూ సొంత ఖాతా, సొంత సెషన్ ఉండాలంటే ఆ లాగిన్‌ను వర్కర్ పరిధి గల ఫిక్స్చర్‌లో (టెస్టులకు కావలసినవి ముందే సిద్ధం చేసే కోడ్) ఎలా రాయాలి?