బావను బలవంతంగా వ్యసనముక్తి కేంద్రంల వేయాల్నా వద్దా? మా ఇంట్ల రెండు మాటలైనయ్

ధర్మాబాద్ చెల్లె
అన్నలకు అక్కలకు నమస్తే. మాది మహారాష్ట్రల నాందేడ్ జిల్లా ధర్మాబాద్, మా అక్కను ఇచ్చింది బిలోలి దిక్కు. బావ ముందు పండుగకో పబ్బానికో తాగెటోడు, ఇప్పుడు పొద్దున లేస్తె సాలూర దాటి తెలంగాణల బోధన్ దిక్కు కల్లు దుకాణానికి పోవాలె, పొద్దుమూకినంక మళ్ల క్వార్టర్ ఉండాలె. కల్లు దొరకని రోజు చేతులు వణుకుతయ్, నిద్ర పట్టదు, గోడ మీద ఏందో పాకుతుందంటడు. అక్క మీద చెయ్యి గూడ చేసుకుంటుండు. మా నాన, అన్న కలిసి ఒక ప్రైవేటు వ్యసనముక్తి కేంద్రపోళ్లతోటి మాట్లాడిండ్రు. వాళ్లే రాత్రిపూట బండి తెచ్చి ఎత్తుకపోతరట, మూడు నెల్లు ఉంచుకుంటరట, అప్పటిదాంక ఇంటోళ్లను కలవనియ్యరట, ఫోన్ గూడ ఉండదట. అక్కకు భయమైతుంది గాని నాన ముంగట వద్దని అంటలేదు. నాకైతే ఇది మంచిగ అనిపిస్తలేదు. ఇట్ల తీస్కపోతే మనిషి బాగైతడా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

బిలోలి రైతు
చెల్లె, మీ నాన చెప్పిందే కరెక్టు. మా పెద్దనాన కొడుకును ఏండ్ల తరబడి బతిమిలాడినం, ఆయన ఒప్పుకున్నంకనే తీస్కపోదాం అని కూసున్నం, కడుపుల నీళ్లొచ్చి కాళ్లు ఉబ్బినంక అప్పుడు దవాఖానకు వస్తనన్నడు, అప్పటికి లివర్ పోయింది, డాక్టర్లు చేసేదేం లేకుండె. తాగుడు తలకెక్కినోన్ని నీ ఇష్టమేందని అడిగితే తాగుడే జవాబు చెప్తది. తిట్టుకుంటె తిట్టుకోని, బతికుంటడు గదా. మీ అక్క దెబ్బలు తినుకుంట ఆయనకు బుద్ధి వచ్చేదాంక ఎదురు చూడాల్నా?

బల్లార్షా కాలనీ
రైతన్నా, నేను అసొంటి సెంటర్ల ఉండి వచ్చినోన్ని, పేరు ఇక్కడ రాయను. డాక్టర్ అని బోర్డు మీద ఉంటది, లోపల పాత పేషెంట్లే కొత్తోళ్లను కాపలా కాస్తరు, మాట వినకపోతే కొడతరు. నా పక్క మంచం మనిషికి రాత్రి ఫిట్స్ వస్తే నిమ్మరసం తాపిచ్చిండ్రు, ఇంజక్షన్ ఇచ్చేటోడు లేడు. ఇంటికి వచ్చినంక నేను మానలే, మా వాళ్ల మీద కోపంతోటి ఇంకింత తాగిన. మానింది తర్వాత, సర్కారు దవాఖానల గోలీలు వాడుకుంట ఏఏ మీటింగులకు పోయినంక. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935ల అమెరికాల తాగుడుతోటి నాశనమైన ఇద్దరు మనుషులు మొదలుపెట్టింది, ఫీజు లేదు, పేరు అడగరు, మానాలనే కోరిక ఉంటే చాలు. అక్కడ నన్ను ఎవ్వరు ఎత్తుకపోలే, నేనే నడిచి పోయిన.

బిలోలి రైతు
ఒక్క సెంటర్ అట్లుంటే అన్నీ అట్లనే అంటరా? మన మహారాష్ట్రలనే పుణెల ముక్తాంగణ్ అనే వ్యసనముక్తి కేంద్రం ఉన్నది, డాక్టర్ అనిల్ అవచట్, ఆయన భార్య సునంద 1986ల పెట్టిండ్రు, ఎన్ని ఇండ్లు నిలబడ్డయో చూడుండ్రి.

బల్లార్షా కాలనీ
ముక్తాంగణ్ మంచిదే, కాదనలే. గాని ఈ చెల్లె చెప్పేది రాత్రిపూట ఎత్తుకపోయేటోళ్ల సంగతి. రెండూ ఒక్క గాటన కట్టకు అన్నా.

దవాఖాన డ్యూటీ
నేను నిజామాబాద్ దిక్కు సర్కారు దవాఖానల నర్సును. ఎత్తుకపోవుడు మంచిదా కాదా అనేది తర్వాత, మీ బావది ఉత్త మందు తాగుడు కాదు, అది ముందు సమజ్ చేసుకోవాలె. ఈ దిక్కు చాన కల్లు దుకాణాలల్ల చెట్టు కల్లు పేరుకే, అందుల ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరు. ఇవి నిద్ర మందులు, వీటికి అలవాటైన మెదడు ఒక్కసారి బంద్ చేస్తె తట్టుకోదు. 2015ల సర్కారు కల్తీ కల్లు మీద పడ్డప్పుడు దుకాణాలు మూతపడి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కు మనుషులు పిచ్చి లేచినట్టు చేసుకుంట, ఫిట్స్‌తోటి, మెడలు వంకర పోయి దవాఖానలకు వచ్చిండ్రు, మంచాలు సరిపోలే.

సారా, బ్రాందీ బంద్ చేసినా అంతే. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటలల్ల వణుకు, చెమటలు మొదలైతయ్, రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాంక మతి తప్పి లేనివి కనబడుడు, జ్వరం, గుండె దడ, దాన్నే డెలీరియం అంటరు. వైద్యం లేకపోతే పానం పోతది. గోడ మీద పాకుతుందంటుండు అన్నవు గదా, అది తేలిగ్గ తీస్కునే మాట కాదు. డాక్టర్ లేని రూంల తాళం వేసుడంటే ఆ నాలుగు రోజులు దేవుని మీద వదిలేసినట్టే.

దవాఖానల ఏం చేస్తరంటే, డైజిపామ్, లోరజిపామ్ అసొంటి మందు లెక్క ప్రకారం ఇచ్చి మెల్లమెల్లగ తగ్గిస్తరు. మందు తాగెటోనికైతే ఎక్కువగ వారం పది రోజులల్ల ఆ పని అయిపోతది, కల్తీ కల్లు తాగెటోనికి వారాల తరబడి తగ్గించాల్సి వస్తది, ఎందుకంటే ఎంత మందు లోపలికి పోయిందో కలిపినోనికి గూడ తెల్వదు. బీ1 విటమిన్ ఇంజక్షన్ తప్పకుండ ఇస్తరు. మన ఊర్లల్ల ఆర్ఎంపీ దగ్గరికి తీస్కపోతే ముందు గ్లూకోజ్ సీసా ఎక్కిస్తడు, బీ1 ఇయ్యకుండ గ్లూకోజ్ ఎక్కిస్తె తాగుడుతోటి ఎండిపోయిన మనిషికి మెదడు దెబ్బతినే ప్రమాదముంటది. ఇది ప్రతి ఇంట్ల తెలవాలె.

ఇంకోటి, రైతన్న అన్నట్టు వాళ్లు ఒప్పుకోరు అనేది సగమే నిజం. ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే 2019ల వచ్చింది, మద్యానికి బానిసైనోళ్లల్ల 38 మందిల ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందట, దవాఖానల పండి చేయించుకున్నది 180 మందిల ఒక్కరు. చానమందిని మనం తిట్టినం, మొక్కులు మొక్కినం, తాయెత్తులు కట్టినం, డాక్టర్ దగ్గరికి మాత్రం తీస్కపోలే.

ధర్మాబాద్ చెల్లె
అక్కా ఇంత వివరంగ మాకు ఎవ్వరు చెప్పలే. మా పక్కింటామె ఒక గోలీ ఉంటది, తెల్వకుండ కూరల కలిపితే తాగినప్పుడల్లా వాంతులై వాడే మానేస్తడు అంటుంది. అది మంచిదేనా?

దవాఖాన డ్యూటీ
వద్దు చెల్లె, అది డైసల్ఫిరామ్. అది తీస్కొని మందు తాగితే మొఖం ఎర్రగై, వాంతులై, గుండె దడ వచ్చి, బీపీ పడిపోతది, మనిషి పోయే అవకాశం గూడ ఉన్నది. గోలీ ఆపినంక రెండు వారాల దాంక అదే ప్రమాదం. తెలిసి, ఒప్పుకొని, లివర్ పరీక్షలు చేయించుకొని, ఇంట్ల ఒకరు చూసుకుంట వేస్తేనే అది మందు. తెల్వకుండ కలిపితే విషమే. తాగాలనే గుంజుడు తగ్గించే మందులు వేరే ఉన్నయ్, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, ఏది పడ్తదో డాక్టర్ లివర్, కిడ్నీ చూసి చెప్తడు.

సిరొంచ ఒడ్డు
మీరంతా ఒక్క మనిషి గురించే మాట్లాడుతున్నరు, ఊరి గురించి గూడ చెప్పుండ్రి. మా గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి దారుబందీ, అంటే మద్యనిషేధం, గోదావరి వంతెన దాటితే అవతల తెలంగాణల మందు దొరుకుతది. అయినా బందీ వద్దని నేనన. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ వాళ్ల సర్చ్ సంస్థ, సర్కారు కలిసి 2016ల ముక్తిపథ్ అని మొదలుపెట్టిండ్రు, ఊర్లల్ల ఆడోళ్ల సంఘాలు, ఊర్లనే వైద్యం క్యాంపులు, తాలూకా కాడ క్లినిక్కులు. మనిషి వైద్యం తీస్కొని ఇంటికొస్తడు, గుమ్మం ముంగటనే ఇప్పసారా అమ్ముతుంటే ఎన్నొద్దులు ఆగుతడు?

బల్లార్షా కాలనీ
మా చంద్రపూర్ల గూడ 2015ల బందీ పెట్టి 2021ల తీసేసిండ్రు. ఆ నడుమల మా కాలనీల తాగేటోళ్లు తాగిండ్రు, రేటు పెరిగింది, ఇంట్ల బియ్యం పైసలు పోయినయ్. వైద్యం లేని బందీతోటి ఆడోళ్లకే కష్టం అని నా నమ్మకం.

సిరొంచ ఒడ్డు
నీ కాలనీ వేరు తమ్మీ, మా కాడ బందీ కోసం కొట్లాడింది ఆడోళ్లే. వాళ్లను అడుగు.

బిలోలి రైతు
నర్సక్క చెప్పింది విన్న, డాక్టర్ ఉన్న జాగల్నే వేయాలె, సరే. గాని ఆయన రాను అని గొడ్డలి పట్టుకుంటే? అప్పుడు గూడ బతిమిలాడాల్నా? దీనికి ఎవ్వరు జవాబు చెప్తలేరు.

దవాఖాన డ్యూటీ
చెప్త అన్నా. మానసిక ఆరోగ్య చట్టం 2017ల తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక రోగం గూడ లెక్కకొస్తది. తనకో, పక్కోళ్లకో హాని చేస్తుంటే, లేదా తన పానం తాను చూసుకోలేని స్థితి ఉంటే, ఇంటోళ్లల్ల ఆయన తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలె, సైకియాట్రిస్టు ఒకరు, ఇంకో డాక్టర్ ఒకరు వేరువేరుగ చూడాలె, అప్పుడు సెక్షన్ 89 కింద 30 రోజుల దాంక ఆయన ఒప్పుకోకున్నా చేర్చుకోవచ్చు, ఆ సంగతి ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలె. గొలుసులు వేసుడు నేరం. సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలె, చెల్లె నువ్వు ఆ కాగితం అడిగి చూడు, రాత్రిపూట వచ్చే డాక్టర్ ఎవరో పేరు అడుగు. అంటే బలవంతం అసలే వద్దని నేననలే, బలవంతం చేసేటోడు డాక్టర్ అయ్యుండాలె, జవాబుదారీ ఉండాలె. అక్క మీద చెయ్యి ఎత్తుతున్నప్పుడు మాత్రం ఆమె, పిల్లలు కొన్నొద్దులు మీ ఇంట్ల ఉంటేనే మంచిది, ఆయన వైద్యం కోసం ఆమె దెబ్బలు తినుడెందుకు.

ధర్మాబాద్ చెల్లె
నిన్న 14416కు ఫోన్ చేసిన, టెలిమానస్ అంట, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడిండ్రు. నాందేడ్ సర్కారు మెడికల్ కాలేజ్ దవాఖానల మానసిక విభాగం ఓపీకి తీస్కపోతం సోమవారం. బావతోటి తాగుడు మాట ఎత్తలే, నిద్ర పట్టని సంగతే మాట్లాడిన, దానికైతే వస్తనన్నడు. నాన ఇంకా ఒప్పుకుంటలేడు, ఆ సెంటరోళ్లకు అడ్వాన్సు గూడ ఇచ్చిండు. సోమవారం దాంక కల్లు బంద్ చేయించాల్నా అక్కా?

దవాఖాన డ్యూటీ
ఒక్కసారి బంద్ చేయించకుండ్రి. మెడికల్ షాపుల నిద్ర గోలీలు కొని ఇయ్యకుండ్రి, కల్లు మీద అవి పడితే ఊపిరి ఆగుతది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, నోట్ల చెంచా, తాళంచెవి ఏం పెట్టకుండ్రి, 108కు చెయ్యుండ్రి. మతి తప్పినట్టు మాట్లాడినా, లేనివి కనబడుడు ఎక్కువైనా సోమవారం కోసం ఆగకుండ్రి, అప్పుడే ఎమర్జెన్సీకి పోవాలె.

బిలోలి రైతు
నా మాట నేను మార్చుకోలే, ఆయన సోమవారం రాను అంటే ఆ సెక్షన్ 89 కాగితమే పెట్టుండ్రి, మళ్ల బతిమిలాడుకుంట కూసోకుండ్రి. మాది బిలోలే గదా చెల్లె, నాందేడ్‌కు బండి కావాలంటే మెసేజ్ పెట్టు, పొద్దుగాల ఆరింటికి వాకిట్ల ఉంట.